ఇంటి యంత్రములు: తెర చెదరిన వేళ



గడచిన మాసమున పాత ల్యాప్‌టాపులలో లినక్సును స్థాపించుకొను విధమును వ్రాసియుంటిమి. మైక్రోసాఫ్టువారు విండోస్ 10 నకు సాధారణ పోషణమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. యంత్రము చక్కగా నుండియు క్రొత్త విండోసునకు తగదని మూలబడిన ల్యాప్‌టాపులు మన నెల్లూరు తీరపు గ్రామములయందు ననేకములు కలవు. వానిని పారవేయక ఉబుంటు, మింట్ మొదలగు లినక్సులతో మరల బ్రతికించుకొనిన గృహిణులలో కొంద ఱిపు డొక చిక్కును దెలుపుచున్నారు. ఒకనాటి యుదయమున మీట నొక్కగా తెరపై నడ్డచారలు వచ్చెనని యొకరును, చతురపు ముక్కలుగా రంగులు చెదరెనని యొకరును, తెర మిణుకు మిణుకు మనుచు కన్నులకు శూల యగుచున్నదని మఱియొకరును జెప్పుచున్నారు. ఈ మాసమున దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

ముందుగా ధైర్యము చిక్కబట్టుకొనుడు. తెర చెదరినంతమాత్రమున లోని సొమ్ము పోలేదు. మీ సంఘపు పొదుపు లెక్కలును, పిల్లల చదువు కాగితములును, పెద్దల ఛాయాచిత్రములును డిస్కునం దుండును. చిత్రమును దెరపై నిలుపు పని వేఱొక యవయవముది. అద్దము పగిలిన ముఖము పగిలినట్లు గాదు గదా! ఈ భేద మెఱుగకపోవుటచేతనే నష్టము గలుగుచున్నది. బెదరి రిపేరు అంగడికి గొనిపోయినచో, పరీక్షింపకయే “మదర్‌బోర్డు పోయినది” అనువారు కొందఱు. “ఫార్మాటు చేసి వేఱొకటి వేసెదము” అనువారు కొందఱు. మొదటి మాటవలన రూప్యములు పోవును; రెండవ మాటవలన సంవత్సరములుగా దాచుకొన్నదంతయు పోవును. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొన్నట్లే.

చిత్రము తెరకు వచ్చు త్రోవ యెట్టిదో తెలిసికొన్నచో, ఎచ్చట చెడినదో వెదకుట సులభము. లినక్సునకు నడిబొడ్డు కెర్నెల్ అనబడును. ఇది 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టినది. చిత్రములను గీయుటకు యంత్రమున వేఱుగా నొక చిప్పు కలదు. దానిని గ్రాఫిక్స్ చిప్పందురు. కెర్నెల్ భాష యా చిప్పునకు రాదు. చిప్పు భాష తక్కిన ప్రోగ్రాములకు రాదు. పూర్వము చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ లుండెడివారు. దొర చెప్పినది సరియే, వర్తకుడు విన్నదియు సరియే. అయినను దుబాసీ తప్పు పలికినచో బేరము చెడును. యంత్రమున నట్టి దుబాసీయే డ్రైవరు. చిప్పు తాను గీసిన చిత్రమును మెమరీలో నుంచును. అచ్చటినుండి యది తీగెగుండ తెరపలకకు బోవును. కావున డ్రైవరు, చిప్పు, మెమరీ, తీగె, పలక యను నైదింటిలో నెచ్చట దోషమున్నను మన కంటికి గనబడునది చెదరిన తెర యొక్కటియే.

ఐదింటిలో దోషి యేది? మన తార్కికులు చెప్పిన యన్వయ వ్యతిరేకములే దీనికి మందు. ఏది యున్నప్పుడు దోష మున్నదో, ఏది లేనప్పుడు దోషము లేదో చూచినచో కారణము తనంతట బయటపడును. అన్నమునకు జబ్బుచేసెనో కూరకు జబ్బుచేసెనో తెలియుటకు రెంటిని కలిపి పారబోయము. ఒక్కొక్కటి వేఱుచేసి చూతుము. ఇందును ఒక్కమాఱు ఒక్క మార్పే చేయవలెను. నాలుగు మార్పులొకసారి చేసినచో, కుదిరినను ఎందువలన కుదిరెనో తెలియదు.

మొదటి పరీక్ష వేళను గమనించుట. మీట నొక్కినతోడనే యంత్రమును జేసినవారి ముద్ర తెరపై వచ్చును గదా, అప్పటికింకను లినక్సు మేలుకొనలేదు. దాని డ్రైవరు రాలేదు. ఆ ముద్రయందే చారలున్నచో దోషము పలకదో, తీగెదో, చిప్పుదో, మెమరీదో యగును. ముద్ర నిర్మలముగా వచ్చి, లినక్సు వచ్చిన పిమ్మట మాత్రమే తెర చెదరినచో డ్రైవరును ముందుగా ననుమానింపవలెను. ఉదయమున బాగుండి, గంట పనిచేసిన తరువాత చెదరినచో వేడిమిని శంకింపవలెను. ఫ్యానుకు దుమ్ము గ్రమ్మియుండును.

రెండవ పరీక్ష మిక్కిలి చమత్కారమైనది. తెర చెదరియున్నప్పుడే “ప్రింట్ స్క్రీన్” మీటతో తెర ఛాయను దీసి, దానిని ఫోనునకు బంపి చూడుడు. ఫోనులోని ఛాయయందును ముక్కలు చెక్కలుగా నున్నచో, చిత్రము గీయబడునప్పుడే చెడినదన్నమాట. పలకయు తీగెయు నిర్దోషులు. ఛాయ నిర్మలముగా నుండి తెర మాత్రమే చెదరియున్నచో, చిత్రము చక్కగా తయారై త్రోవలో జెడినది. అప్పుడు తీగెయో, పలకయో, లేక చిత్రమును పలకకు బంపు డ్రైవరు భాగమో కారణము. మీ ఫోనుతో తెరకు ఫోటో తీసిన నీ భేదము తెలియదు సుమా. తెర ఛాయనే తీయవలెను.

మూడవ పరీక్షకు ఇంటిలోని టెలివిజను చాలును. హెచ్.డి.ఎమ్.ఐ. తీగెతో ల్యాప్‌టాపును దానికి గలిపి చూడుడు. టెలివిజనుపై చిత్రము స్వచ్ఛముగా నుండి ల్యాప్‌టాపు తెరపై మాత్రమే చారలున్నచో, పలకను, మూతను తెఱచి మూయుచుండగా నలిగెడి లోపలి తీగెను చూపింపవలెను. మూతను మెల్లగా ముందు వెనుకలకు గదల్చినపుడు చారలు మాఱుచున్నచో తీగెయే కారణమను ననుమానము గట్టిపడును. తీగెను మార్చుట మదర్‌బోర్డును మార్చుటకంటె మిక్కిలి చౌక.

నాలుగవది పెన్‌డ్రైవు పరీక్ష. లినక్సును స్థాపించునప్పుడు వాడిన పెన్‌డ్రైవును దాచియుంచుడని పోయిన నెలలో జెప్పితిమి. దానినుండి యంత్రమును మేల్కొల్పి, స్థాపింపకయే పరీక్షించు “ట్రై” అను దాని నెన్నుకొన్నచో, డిస్కును ముట్టకయే క్రొత్త లినక్సు నడచును. అందు తెర బాగున్నచో యంత్రము బాగున్నది. చెడినది మీ డిస్కులోని లినక్సు కూర్పు. అందును తెర చెదరినచో యంత్రమునందో, ఆ రెండు లినక్సులకును సమానమైన డ్రైవరునందో దోష మున్నది. తెర కొంతయైన గనబడుచున్నచో, ఈ పెన్‌డ్రైవు లినక్సునుండియే మీ ముఖ్యమైన ఫైళ్ళను వేఱొక డిస్కునకు నకలు చేసికొనుడు. చికిత్సకు ముందు సొమ్మును భద్రపఱచుట గృహిణీధర్మము.

ఇచ్చట తెలుగువారికి మాత్రమే కలుగు నొక భ్రాంతిని విడదీయవలసియున్నది. తెరయంతయు బాగుండి, తెలుగు అక్షరములు మాత్రమే చెడి, వత్తులు క్రిందికి దిగక ప్రక్కన నిలిచినను, చుక్కల వలయములు గనబడినను, అక్షరములకు మాఱు ఖాళీ గడులు వచ్చినను, అది డ్రైవరు దోషము గాదు. గడులు వచ్చుట తెలుగు ఫాంటు లేకపోవుటవలన. వత్తులు విడిపోవుట అక్షరములను గూర్చు ప్రోగ్రాము లోపమువలన. త్రాటిని జూచి పామనుకొని కఱ్ఱ తీయరాదు. లోహిత్, పోతన 2000, వేమన 2000, నోటో మొదలగు తెలుగు ఫాంటులు లినక్సులో వెలలేక లభించును. తెలుగున కంప్యూటరు నడపవలెనని హైదరాబాదున 2005లో మొదలైన “స్వేచ్ఛ” వంటి యుద్యమము లీ విషయమున పాటుపడినవి. అక్షరము గూర్చుట యెంత సున్నితమో తెలియుటకు 2018 ఫిబ్రవరి వృత్తాంతమే చాలును. “జ్ఞా” యను మన యక్షరమును ఒకానొక రీతిని గూర్చి పంపగా ఆపిల్ వారి ఫోనులలో ప్రోగ్రాములు కుప్పగూలినవి. ఆ నెల 19వ తేదీన ఐ.ఓ.యస్. 11.2.6 అను సవరణతో వారు దానిని సరిదిద్దిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమునకు గొంతున నడ్డుపడినది!

ఇక డ్రైవరే దోషియని తేలినచో చేయవలసిన చికిత్స. ముందు జ్ఞాపకము చేసికొనుడు: నిన్నటివఱకు బాగున్న తెర నేడు చెదరెనన, నడుమ మాఱిన దేది? పలుమాఱు అప్‌డేటు వచ్చియుండును. దానితో క్రొత్త కెర్నెల్, దానితో క్రొత్త డ్రైవరు వచ్చియుండును. ఇది పరదేశములయందును జరిగినదే. 2022 సెప్టెంబరు చివర వెలువడిన 5.19.12 అను కెర్నెలుతో, ఇంటెల్ చిప్పు గల కొన్ని ల్యాప్‌టాపుల తెరలు తెల్లగా మిణుకుమనసాగినవి. పలకకు విద్యుత్తు నిచ్చుటలోను తీయుటలోను ఉండవలసిన వ్యవధి తప్పుటయే కారణమనియు, పలకకు హాని కలుగవచ్చుననియు ఇంటెల్ పనివారే హెచ్చరించిరి. అక్టోబరు మొదటి వారముననే 5.19.13తో దోషము తొలగినది. కావున అప్‌డేటు తరువాత తెర మిణుకుమన్నచో, చూతములే యని గంటలకొలది యట్లే పనిచేయక, యంత్రము నార్పి చికిత్సకు పూనుకొనుడు.

లినక్సు తన పాత కెర్నెలును పారవేయక దాచియుంచుట మన పాలిటి వరము. మీట నొక్కిన వెంటనే, పాత యంత్రములయం దయినచో షిఫ్టు మీటను బట్టియుంచవలెను. క్రొత్తవానియందు ఎస్కేప్ మీటను దట్టవలెను. గ్రబ్ అను పట్టిక వచ్చును. అందు “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” అను పంక్తి నెన్నుకొన్నచో కెర్నెళ్ళు సంఖ్యలతో వరుసగా గనబడును. పెద్ద సంఖ్య క్రొత్తది. దాని తరువాతి సంఖ్యను, “రికవరీ మోడ్” అను మాట లేనిదానిని, ఎన్నుకొని చూడుడు. తెర బాగుపడినచో రోగమూలము దొరకినట్లే. సవరించిన కెర్నెలు వచ్చువఱకు పాతదానితోనే కాలము గడుపవచ్చును.

మా గ్రామమున నొక సోదరి పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాయుచుండును. బ్యాంకు కంతు చెల్లింపవలసిన వారమున నామె ల్యాప్‌టాపు తెర రంగు ముక్కలుగా జెదరెను. ఒక అంగడివారు మదర్‌బోర్డు మార్చవలెననియు పదివేలకు పైగా నగుననియు జెప్పిరి. ఆమెకు తోచినది మెడలోని గొలుసు. మేము పోయి పై పరీక్షలను వరుసగా జేయించితిమి. తయారుదారుల ముద్ర నిర్మలముగా వచ్చినది. తెర ఛాయయందు ముక్కలు గనబడినవి. రెండు సాక్ష్యములును డ్రైవరువైపే వ్రేలు చూపినవి. ముందటి రాత్రి అప్‌డేటు జరిగెనని యామె కుమారుడు చెప్పెను. పాత కెర్నెలు నెన్నుకొనగా తెర యద్దమువలె నిలిచినది. ఆ వారపు లెక్కలు ఆ వారముననే బ్యాంకునకు జేరినవి. గొలుసు మెడలోనే యున్నది.

పాత కెర్నెలుతోను కుదురనిచో మఱియొక యుపాయము గలదు. గ్రబ్ పట్టికలో మొదటి పంక్తిపై నిలిచి ఆంగ్లపు “ఇ” అక్షరమును నొక్కినచో వ్రాత గనబడును. అందు “లినక్స్” అను మాటతో మొదలగు పంక్తి చివర ఒక ఖాళీ విడిచి, “నోమోడ్‌సెట్” అను తొమ్మిది ఆంగ్లాక్షరములను నడుమ ఖాళీ లేక చేర్చి, కంట్రోలు మీటతో ఎక్సు మీటను నొక్కవలెను. ఇది దుబాసీని ప్రక్కకు దప్పించి, యంత్రముతో పుట్టిన సామాన్యమైన త్రోవనే చిత్రమును జూపుమనుట. తెర బాగుపడినచో డ్రైవరు దోషము రూఢి. కాని యిది జ్వరమువచ్చిన బిడ్డకు గంజిపోయుట వంటిది. చిత్రములు మందముగా నడచును. ఆ యొక్క పర్యాయమునకే పనిచేయును గాన భయము లేదు. ఈ యవకాశమున ఫైళ్ళను భద్రపఱచి, డ్రైవరును మార్చుకొనవలెను.

డ్రైవరు మార్పు చిప్పును బట్టి యుండును. ఇంటెల్, ఏ.ఎమ్.డి. చిప్పుల డ్రైవర్లు కెర్నెలుతోనే వచ్చును; కావున వానికి కెర్నెలును మార్చుటయే డ్రైవరును మార్చుట. ఎన్విడియా చిప్పుల కథ వేఱు. ఆ సంస్థవారు చిరకాలము తమ చిప్పు మర్మమును వెలిపుచ్చలేదు. స్వతంత్ర శిల్పులు చిప్పు నడకను గమనించి గమనించి నూవో అను డ్రైవరును గట్టిరి. 2022 మే మాసమున నా సంస్థవారును తమ డ్రైవరులోని కెర్నెలు భాగమును బహిరంగపఱచిరి. మింటునందు “డ్రైవర్ మేనేజర్” అనియు, ఉబుంటునందు “అడిషనల్ డ్రైవర్స్” అనియు నొక పట్టిక యుండును. అందు నూవోనుండి సంస్థవారి డ్రైవరునకు గాని, దానినుండి నూవోకు గాని మార్చి పరీక్షింపవచ్చును. “రికమెండెడ్” అని వ్రాసియున్నదానిని ముందు చూడుడు. ఇంటెల్ ల్యాప్‌టాపులలో తెర ఛాయ నిర్మలముగా నుండి పలక మాత్రము మిణుకుమన్నచో, విద్యుత్తు పొదుపునకై పలక తన చిత్రమును తానే నిలుపుకొను పి.యస్.ఆర్. అను వెసులుబాటు కారణము కావచ్చును. దాని నాపుటకును కెర్నెలు పంక్తిలో చేర్చు మాట యొకటి గలదు, తెలిసినవారిచే చేయించుకొనుడు.

ఒక్క బ్రౌజరునందు మాత్రమే చిత్రములు చెదరి తక్కినవన్నియు బాగున్నచో కెర్నెలు జోలికి బోవలదు. బ్రౌజరు సెట్టింగులలో “హార్డ్‌వేర్ యాక్సిలరేషన్” అనుదాని నాపి మరల దెఱచి చూడుడు. చాలవఱకు దానితో శమించును.

మన తీరమున మఱియొక శత్రువు గలదు, అది యుప్పుగాలి. ఇస్కపల్లి యుప్పుకొఠారుల ప్రక్కనున్నవారికిని, మైపాడు, కృష్ణపట్నము, రామాయపట్నము వైపువారికిని కిటికీ కమ్ములు త్రుప్పు పట్టుట తెలిసినదే. ఆ గాలియే ల్యాప్‌టాపులోని లోహపు మొనలను గూడ తినును. ఉప్పు తేమను బీల్చి, మెమరీ పలక కూర్చున్న చోట స్పర్శను జెఱచును. చాల ల్యాప్‌టాపులలో గ్రాఫిక్స్ చిప్పునకు సొంత మెమరీ లేదు. సామాన్యపు మెమరీనే పంచుకొనును. కావున మెమరీ దోషము తెరపై ముక్కలుగా గనబడును. యంత్రము నడుమ నడుమ నిలిచిపోవుటయు గలుగును. మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అను పరీక్షను రాత్రి పెట్టి విడిచినచో తెల్లవాఱునప్పటికి ఫలితము దెలియును. ఎఱ్ఱని పంక్తులు వచ్చినచో మెమరీ దోషమే. అప్పుడైనను అంగడికి బోయి “మెమరీ పలకను దీసి శుభ్రపఱచి మరల కూర్చి చూడుడు” అని మనమే చెప్పవలెను. ఏమి చేయవలయునో యెఱిగి చెప్పు గృహిణిని మోసగించుట కష్టము. యంత్రమును సముద్రపు గాలి కెదురుగా నున్న కిటికీ యొద్ద నుంచకుడు. పని లేనప్పుడు సంచిలో సిలికా జెల్ పొట్లములతో నుంచుడు.

చేయరాని పనులు నాలుగు. అప్‌డేటు నడుచుచుండగా యంత్రము నార్పరాదు. కరెంటు పోవు వేళలయందు దానిని మొదలుపెట్టరాదు. ఎవరో చెప్పిరని అర్థము తెలియని యాజ్ఞలను యంత్రమునకు నకలు చేసి యీయరాదు. ఫైళ్ళ నకలు చేతికి రాక పూర్వము ఫార్మాటున కొప్పుకొనరాదు.

తుదకొక మాట. రోగము కుదిరినను దాని వృత్తాంతమును వ్రాసి యుంచుడు: ఏ తేదీన అప్‌డేటు జరిగినది, ఏ కెర్నెలుతో చెదరినది, ఏ కెర్నెలుతో నిలిచినది, చిప్పు పేరేమి. లినక్సు బహిరంగముగా నడుచు విద్య గాన, దానిని దిద్దువారికి ఈ వృత్తాంతమును నేరుగా దెలుపవచ్చును. 2022 నాటి దోషము వారము దినములలో తొలగుటకు కారణము, కష్టపడినవారు ఊరక యుండక సంఖ్యలతో సహా చెప్పుటయే. “తెర పాడయినది” అన్న మాటవలన నెవ్వరికిని మేలు లేదు. “ఈ సంఖ్యతో చెదరెను, ఆ సంఖ్యతో నిలిచెను” అన్న మాట వేలమంది తెరలను బాగుచేయును. వంటలో ఉప్పెంత యని చిటికెలతో జెప్పగల మనకు ఇది కష్టమైన పని గాదు.

వచ్చు మాసమున ఫైళ్ళను రెండు చోట్ల భద్రపఱచుకొను విధమును వ్రాయుదుము. అంతవఱకు ఒక పెన్‌డ్రైవును కొని యుంచుడు.